హెల్మెట్ దేవుడి వంకాయ

(సింగపూరు, యీషున్‌లో ఒక బ్లాకు, ఏడో అంతస్తు. ఇంటి ముందు వరండాలో గోడవారగా ఒక ఇనప స్టాండు, దాని మీద నాలుగు కుండీలు. శనివారం ఉదయం. ఉపేంద్ర, అతని భార్య చాందిని.)

“అది కాదండీ, నేనడిగేది ఒక్కటే. మొదటి కమలాపండు ఎవరు పెట్టారు?”

“ఏ కమలాపండు?”

“ఏ కమలాపండా! మీ కాళ్ళ దగ్గర చూడండి. నిన్న ఒక వరసే ఉంది, ఇవాళ గుట్టయింది.”

“ఓ, ఇవా.”

“‘ఓ, ఇవా’ అంటారేంటి? చెప్పులు విడిచే చోట అగరొత్తులు వెలుగుతున్నాయి. చిన్న కప్పులో టీ కూడా పోసి పెట్టారు. టీ అండీ! వంకాయ మొక్కకి!”

“మొక్కకి కాదు చాందినీ. హెల్మెట్‌కి.”

“హెల్మెట్‌కి టీ ఎందుకు?”

“దాన్ని దేవుడనుకుంటున్నారు.”

“అనుకోరూ మరి! ఆఫీసు పాత హెల్మెట్ తెచ్చి, దానికి గుడ్లురిమే కళ్ళు, మెలితిప్పిన మీసాలు, బయటికి వేలాడే నాలుక గీసి వరండాలో వేలాడదీస్తే ఏమనుకుంటారు?”

“అది దిష్టిబొమ్మ. మా ఊళ్ళో కాపు మీదున్న ప్రతి చేలోనూ ఉంటుంది.”

“మీ ఊళ్ళో చేను ఉంటుంది. మనకున్నవి నాలుగు కుండీలు. అందులో ఒకటి ఖాళీ.”

“ఖాళీ కాదు. టమాటా చచ్చిపోయిన కుండీ.”

“ఆ కుండీలో ఏదో కలుపు మొలిచింది, చూశారా?”

“చూశాను. పీకే టైం లేక పైన పాత కాళ్ళపట్టా కప్పి కింది అరలోకి తోసేశా. పోటీ జడ్జిగారికి కనపడదులే.”

“మాట మార్చకండి. కమలాపండు.”

“చివరింటి టాన్ తాతే పెడుతున్నాడుగా, అందరికీ తెలిసిందే.”

“టాన్ తాత రెండోవాడు. నేనడిగాను. ‘నేనొచ్చేసరికే ఒక పండుందమ్మా, దాన్ని చూసే నేనూ పెట్టాను’ అన్నాడు. ఆయన షిప్‌యార్డులో వెల్డింగ్ చేసి రిటైరయ్యాడట. హెల్మెట్ పెట్టుకున్న దేవుణ్ణి ఇన్నేళ్ళకి చూశానని కళ్ళు తుడుచుకున్నాడు పాపం.”

“మంచాయన.”

“మంచాయనే. మంచాయన మన ఇంటి నంబరు మీద లాటరీ కొన్నాడు. తగిలింది.”

“చిన్న ప్రైజే అన్నారే.”

“చిన్నదే. కానీ ఇప్పుడు లిఫ్ట్‌లో నన్ను చూసి జనం నమస్కారం పెడుతున్నారు. నిన్న ఒకామె నా చీరకొంగు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆఫీసుకి లేటయింది.”

“అంతా ఆ కాయ మూలాన వచ్చింది.”

“అవును మరి. ఆదివారం సాయంత్రం దాకా పొడుగ్గా, ఊదారంగులో ఉన్న వంకాయ, సోమవారం తెల్లారేసరికి గుండ్రంగా, పచ్చగా మారితే ఎవరైనా దండం పెడతారు.”

“ఎలా మారిందంటావ్ చాందినీ?”

“నన్నడుగుతారేంటి! బి.టెక్ చదివింది మీరు.”

“సివిల్ ఇంజినీరింగ్‌లో వంకాయలు లేవు.”

“మీ ఎరువే అయ్యుంటుందండీ. నాకు అనుమానమే లేదు. అరటితొక్కల నీళ్ళు, దాని మీద గుడ్డుపెంకులు, దాని మీద కాఫీపొడి, దాని మీద పుల్లమజ్జిగ. మొక్కకి పెట్టినట్టు కాదు, కొత్తల్లుడికి పెట్టినట్టు పెట్టారు. ఏదో ఒకటి వికటించి గుండ్రంగా అయింది.”

“అవే టమాటాకీ పెట్టాను. అది చచ్చిపోయింది.”

“టమాటా బలహీనం.”

“కొత్తిమీర మొలవనే లేదు.”

“కొత్తిమీర సంగతి ఎత్తకండి. ధనియాలు నలిపి చల్లాలంటే మిక్సీలో వేశారు. ఆ పొడి నేను రసంలో వాడాను.”

“మెత్తగా ఉంటే తొందరగా మొలుస్తుందనుకున్నా.”

“నా టూత్‌బ్రష్ కూడా పాడు చేశారు.”

“ఏడో అంతస్తుకి తేనెటీగలు రావుగా. పువ్వుని ఎవరో ఒకరు కదపాలి, లేకపోతే పిందె పడదు. కరెంటు మీద తిరిగేది ఇంట్లో అదొక్కటే ఉంది.”

“సరే, పోనీండి. కాసిందిగా. ‘ఆదివారంలోగా ఒక్క కాయైనా చూపించండి, లేకపోతే స్టాండు తీసేసి నా సైకిలు పెట్టుకుంటా’ అన్నాను. చూపించారుగా. పిందె మీదకి వేలెత్తి చూపిస్తే రాలిపోతుందని నాకు కూడా చెప్పకుండా, ఏకంగా పెద్ద కాయనే చూపించారు. ఆ రోజు పాయసం చేశాను, గుర్తుందా?”

“గుర్తుంది.”

“మీరు సగం గ్లాసు కూడా తాగలేదు.”

“ఆ రోజు ఆకలి లేదు.”

“ఆ సంతోషంలోనే కదా పోటీకి మీ పేరిచ్చాను. మొదటిసారి కూరగాయలు పెంచేవాళ్ళ పోటీ అట, మన బ్లాకుల వాళ్ళకే అట, గెలిస్తే కింద తోటలో ఒక మడి ఇస్తారట అనగానే పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను. ఏవండీ, జడ్జిగారు కాసేపట్లో వచ్చేస్తారు. చొక్కా మార్చుకోండి.”

“చాందినీ, నేనొకటి చెబుతా, కోప్పడవు కదా?”

“చెప్పండి.”

“పోటీ నుంచి తప్పుకుందాం.”

“ఏంటీ!”

“పేరు తీసేయమందాం. అంతే.”

“మతి పోయిందా? కింద మడి అండీ! నిజమైన నేల! ఈ కుండీలన్నీ కిందకి వెళ్ళిపోతాయి. నా సైకిలు హాల్లోంచి బయటికొస్తుంది. మనం దాని హ్యాండిల్ మీద బనీన్లు ఆరేసుకోవడం మానేయొచ్చు.”

“తెలుసు.”

“తెలిస్తే మరి? రాత్రి నిద్రలో కూడా మడి, మడి అని కలవరించారు.”

“ఎందుకు కలవరించనూ? మా ఇంట్లో ఎవరికీ సొంత మడంటూ లేదు చాందినీ. నాన్న చేసిందంతా ఎవరి చేనో. అక్కడ కింద ప్రతి మడికీ పేరు రాసిన చెక్క పెడతారు. ఫోటో తీసి పంపితే నాన్న ఎంత మురిసిపోతాడోనని...”

“అదిగో. మరెందుకు తప్పుకోవడం?”

“మనం అర్హులం కాదు.”

“‘మనం’ అంటారేంటి? నన్నెందుకు కలిపారు?”

“మాటవరసకి.”

“మాటవరసకి కూడా కలపకండి. నేనేం చేశాను? నేనేం చేయలేదు.”

“నువ్వేదో చేశావని నేనన్లేదే.”

“అనలేదు. అనకండి. మీకెవరైనా ఏదైనా చెప్పారా?”

“ఏం చెప్పారు? ఎవరు?”

“ఎవరూ ఏం చెప్పలేదు కదా? అయితే సరే. మీరలా కిందకెళ్ళి జడ్జిగారు ఏ అంతస్తులో ఉన్నారో చూసి రండి. చూసి రండి అంతే. పేరు తీసేయమన్నారో, వచ్చే శనివారం మీకు దిష్టి తీయను.”

“తీయకపోతే మంచిది. శనివారం శనివారం నన్ను పీట మీద కూర్చోబెట్టి ఆవాలు, మిరపకాయలు తిప్పుతుంటే కళ్ళు మండి చస్తున్నా.”

“బ్లాకు బ్లాకంతా మీ మొక్క మీదా మీ మీదా కళ్ళేశారు. తీయకపోతే ఎలా? వెళ్ళండి, వెళ్ళండి.”

(ఉపేంద్ర లిఫ్ట్ ఎక్కాడు. పక్కింటి తారాదేవి తలుపు తీసింది. ఆమెది నలభై ఏళ్ళ సింగపూరు.)

“తంబి వెళ్ళాడా?”

“వెళ్ళారు ఆంటీ. తొందరగా రండి.”

“ఏదీ, మన కాయ చూపించు. ఐయో! ఇదేంటమ్మా, ఇలా అయిపోయింది? పళ్ళ సెట్టు తీసేసిన ముసలాయన బుగ్గలాగుంది.”

“ఫ్రిజ్‌లోంచి తీసింది వారమంతా ఎండలో వేలాడితే వాడదా? మీ దగ్గర ఆ రోజు పొడుగుది ఒక్కటున్నా ఇంత గొడవ ఉండేది కాదు.”

“పొడుగ్గా ఏదైనా ఉందా అని నువ్వడిగితే నా దగ్గర మునక్కాడ ఉందమ్మా. కట్టమంటే కట్టేదాన్ని.”

“నవ్వకండి ఆంటీ. నాకు ఏడుపొస్తోంది.”

“నువ్వు అంత జోరుగా గెడ లాగాలా?”

“జోరుగా లాగలేదు. దుప్పటి ఆరేసిన గెడ లోపలికి తీసుకుంటుంటే చివర కొంచెం తగిలిందంతే. చిత్రంగా టప్పున ఊడి గోడ మీంచి కిందకి పోయింది. నేను లిఫ్ట్‌లో దిగేసరికి చెత్తబండి దాని మీంచి వెళ్ళిపోయింది. ఆయన బిడ్డలా పెంచుకున్న కాయ ఆంటీ. ఏ మొహంతో చెప్పను? అందుకే మీ తలుపు కొట్టాను.”

“నేను మాత్రం ఏం చేశాను? ఉన్న గుండ్రటి కాయ ఇచ్చాను, పూలు కట్టే దారమిచ్చాను. మగాళ్ళు గమనించరమ్మా, కట్టెయ్ అన్నాను. మా ఆయన నేను జుట్టు కత్తిరించుకున్నా పండక్కి గాని చూడలేదు.”

“ఆయన చూశారు. నోరు తెరుచుకుని నిలబడిపోయారు. తరవాత మెల్లిగా వెనక్కి నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చేశారు. నాకు భయమేసింది.”

“తెలిసిపోయిందంటావా?”

“లేకపోతే పోటీ నుంచి తప్పుకుందాం అనెందుకంటారు? ‘మనం అర్హులం కాదు’ అన్నారు ఆంటీ. ‘మనం’ అన్నారు. సరే గాని, ఒకటడుగుతా, నిజం చెప్పాలి. మొదటి కమలాపండు మీరే పెట్టారు కదూ? దేవుడంటే ఎవరూ కాయని ముట్టుకోరని?”

“నేనా? షుగరమ్మా నాకు. కమలాపండు కొంటే ఇంట్లో పిల్లలు కేసు పెడతారు.”

“మరెవరు?”

“అది తరవాత చూద్దాం. ఇదిగో, పొద్దున్నే మార్కెట్‌కెళ్ళి తాజాది తెచ్చాను. మార్చెయ్.”

“ఆంటీ! ఇది పొడుగుది!”

“ఇవాళ ఇవే ఉన్నాయి.”

“గుండ్రంగా మారితేనే టాన్ తాత లాటరీ కొన్నాడు. మళ్ళీ పొడుగైతే ఇల్లమ్మి కొంటాడు.”

“అలమక్! అయ్యో, అదొకటుంది కదా. అయితే వద్దు. దీనికే ఏదైనా చేద్దాం. కొబ్బరినూనె ఉందా?”

“ఎందుకు?”

“రాస్తే మెరుస్తుంది. దూరంనుంచి చూస్తే నిగనిగలాడుతుంది.”

“ఇదిగో. ఇంత చాలా?”

“ఇంకాస్త. తొడిమకి కూడా. ఆ, అలా. చూశావా, పెళ్ళికొడుకులా ఉన్నాడు.”

“పోపు పెట్టడం ఒక్కటే మిగిలింది ఆంటీ.”

“ష్... లిఫ్ట్ తలుపు చప్పుడు. సీసా దాచెయ్.”

(ఉపేంద్ర తిరిగొచ్చాడు.)

“తారా ఆంటీ, మీరా? ఏంటి, ఇద్దరూ అలా మొక్క మీద వంగారు?”

“దండం పెట్టుకుంటున్నాం తంబీ.”

“మీరు కూడానా! మీక్కూడా అలాగే అనిపించిందా? నిజంగానే అందులో ఏదో ఉందని...”

“ఏముంది?”

“ఏం లేదు. ఊరికే.”

“జడ్జిగారు ఎక్కడున్నారండీ?”

“ఐదో అంతస్తులో. పెద్దావిడ. ఓంగ్ మేడమ్. ప్రతి కాయనీ పట్టుకుని లాగి చూస్తోంది.”

“లాగుతోందా? ఎందుకు?”

“నాలుగో అంతస్తులో ఎవరి టమాటాకో సూపర్‌మార్కెట్ స్టిక్కర్ కనపడిందట. అప్పట్నుంచీ వదలకుండా లాగుతోంది. ఆ పక్కింట్లో కాకరకాయ కూడా చేతికొచ్చేసిందట.”

“ఛీ, ఛీ, ఎంత మోసం! కాయలు కట్టుకుంటారా ఎవరైనా?”

“అవును ఆంటీ. ఏం మనుషులో!”

“ఏం మనుషులో!”

“చాందినీ, నువ్వెందుకు ఏడుస్తున్నావ్?”

“ఏవండీ, ఆవిణ్ణి ఆపండి. నువ్వే కరెక్టు, తప్పుకుందాం... అదే, మీరే కరెక్టు. పేరు తీసేయమనండి.”

“ఇందాక నువ్వే కదా వద్దన్నావ్?”

“ఇందాక లాగుతుందని తెలీదు.”

“లాగితే ఏమవుతుంది?”

“లాగితే... లాగితే వచ్చేస్తుందండీ! నేనే చేశాను. గెడ తగిలి మీ పొడుగు కాయ పడిపోయింది. చెత్తబండి తొక్కేసింది. ఆంటీ ఫ్రిజ్‌లోది తెచ్చి కట్టాను. మీరు బాధపడతారని చెప్పలేదు. తిట్టండి. ఏదో ఒకటి అనండి.”

“తిట్టకు తంబీ. కాయ ఇచ్చింది నేనే.”

“అంటే... అది తనంతట తను మారలేదా?”

“వంకాయ తనంతట తనెలా మారుతుందండీ?”

“ఒక్క క్షణం. ఆంటీ, నిజంగానే మీ ఫ్రిజ్‌లోదేనా?”

“మా ఫ్రిజ్‌లోదే. కింది అరలోది. పక్కన అల్లం ఉండేది.”

“ఓహ్.”

“ఏంటండీ, కోపమొస్తుందనుకుంటే దిగులుగా చూస్తారు? దేవుడు చనిపోయినట్టు.”

“ఏం లేదులే. ఒక రకంగా మంచిదే. నిద్ర పడుతుంది.”

“తంబీ, లిఫ్ట్ తెరుచుకుంది. ఓంగ్ మేడమ్. ఆవిడకి ఇంగ్లీషు రాదు, చైనీసు, మలాయ్ అంతే. నేను మలాయ్‌లో మాట్లాడతా. మీరిద్దరూ నవ్వుతూ నిలబడండి.”

“నవ్వు రావట్లేదు ఆంటీ.”

“పళ్ళు చూపించు, చాలు. సెలామత్ పాగీ మేడమ్! రండి, రండి... గుడ్‌మార్నింగ్ అంటోంది. దారికి అడ్డం లేకుండా పెట్టారు, బాగుంది అంటోంది. ఈ పెద్దమనిషెవరు అంటోంది.”

“నేను ఉపేంద్రనని చెప్పండి.”

“నిన్ను కాదు తంబీ. హెల్మెట్‌ని.”

“దిష్టిబొమ్మ అని చెప్పండి.”

“టాన్ చెప్పాడట ఆవిడకి, పెద్ద దేవుడని. నేనేం కాదనలేదు. ఇప్పుడు వంకాయ చూస్తానంటోంది.”

“ఆంటీ, చెయ్యి పెట్టనివ్వకండి!”

“ఎలా ఆపనమ్మా, చెయ్యి పట్టుకోనా? అయ్యో... అయ్యో, పట్టుకుంది. జారింది. వచ్చేసింది.”

“ఏమంటోంది?”

“వాసన చూస్తోంది. ‘వంకాయకి తలంటు పోసిందెవరు’ అంటోంది.”

“ఆంటీ, ఆవిడకి చెప్పండి. ఆ కాయ ఆ మొక్కది కాదు. తప్పు నాది.”

“ఏవండీ, మీరెందుకు...”

“నువ్వుండు చాందినీ. తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, ఒక కాయ విషయంలో అబద్ధమాడి మడి తీసుకున్నానని మా నాన్నకి తెలిస్తే ఆ ఫోటో చూడను కూడా చూడడు. పేరు కొట్టేయమనండి.”

“చెప్పాను తంబీ. సరే, కొట్టేస్తా అంది. పెన్ను తీసింది. ఐయో, పెన్ను కింద పడింది. వంగింది. దేవుడా, పెన్ను దొరక్కపోతే బాగుణ్ణు. అదేంటి, వంగి లేవట్లేదేంటి?”

“నడుం పట్టేసిందేమో! కుర్చీ తేనా?”

“నడుం కాదు. మీ కాళ్ళపట్టా ఎత్తి చూస్తోంది.”

“అయిపోయింది. ఆ కలుపు కూడా చూసేసింది. పూర్తిగా పరువు పోయింది.”

“దాన్ని లాగుతోంది. రావట్లేదు. మళ్ళీ లాగుతోంది. ఊహూ. ‘వేరుంది’ అంటోంది. ‘పొద్దుట్నుంచి ఈ బ్లాకులో లాగితే రానిది ఇదొక్కటే’ అంటోంది.”

“ఏమిటి ఆంటీ అది?”

“ఆవమొక్కలమ్మా! లేత ఆవకూర. వీళ్ళకి ప్రాణం. వెల్లుల్లి దంచి వేసి వేయిస్తారు. కుండీ నిండా గుబురుగా ఉంది చూడు. విత్తనం ఎవరు చల్లారని అడుగుతోంది.”

“ఎవరూ చల్లలేదని చెప్పండి. దానంతటదే వచ్చింది.”

“ఏవండీ... దానంతటదే రాలేదు. నేనే.”

“నువ్వు ఆవాలు చల్లావా?”

“చల్లలేదు. పారేశాను. ప్రతి శనివారం మీకు దిష్టి తీశాక ఆ ఆవాలూ మిరపకాయలూ నిప్పుల్లో వేయాలి కదా. ఇక్కడ పొగొస్తే పైనున్న గంట మోగుతుంది. ఉప్పు నీళ్ళలో కలిపేసి, మిగతావి మీ టమాటా చచ్చిన కుండీలో పోసేదాన్ని.”

“అంటే అది నా దిష్టా?”

“మీ దిష్టే. ఆంటీ, ఇది మాత్రం ఆవిడకి చెప్పకండి.”

“చెప్పేశానమ్మా. భర్త మీద పడిన చెడుచూపునంతా తీసి ఈ మట్టిలో వేస్తే ఇలా మొలిచింది అని చెప్పాను.”

“రామ రామ! ఏమందావిడ?”

“‘మా ఆయన ఉన్నప్పుడే నాకీ సంగతి తెలిసుంటే ఎకరం పండించేదాన్ని’ అంది.”

“మరి పేరు కొట్టేసినట్టేనా?”

“ఉండు, అడుగుతున్నా... కొట్టేయట్లేదట. వంకాయ లెక్కలోకి రాదట. అది ఎవరిదో ముందే చెప్పేశారు కాబట్టి దాన్ని మర్చిపోయానంటోంది. ఆవకూర లెక్కలోకి వస్తుందట. ఇప్పటిదాకా లెక్కలోకి వచ్చింది ఇదేనట. మిగతా బ్లాకులు నిన్నే చూసేసిందట, పైన అంతస్తుల్లో ఎవరూ పేరివ్వలేదట, ఇక చూడాల్సిన ఇల్లు లేదట. తంబీ! సుడా, అయిపోయింది! మడి మీదే!”

“ఆంటీ, సరిగ్గా విన్నారా?”

“నలభై ఏళ్ళుగా ఇదే భాషలో చేపల బేరమాడుతున్నా. సరిగ్గానే విన్నా. చెక్క మీద పేరేం రాయాలని అడుగుతోంది.”

“చాందిని అని రాయమనండి. ఆవాలు తనవి.”

“వద్దు ఆంటీ. అప్పయ్య అని రాయమనండి. మామయ్యగారి పేరు.”

“చాందినీ...”

“ఫోటో మీరు తీయండి. చెక్క పక్కన నేను సైకిలు పట్టుకుని నిలబడతాను.”

“రాసుకుందమ్మా. అ-ప్ప-య్య. వెళ్తానంటోంది. అరె, ఆగింది. హెల్మెట్ ముందు ఆగింది. సంచీలో ఏదో వెతుకుతోంది.”

“పెన్నేనా?”

“కమలాపండు. ఆవిడ కూడా పెట్టేసింది. ఇవాళ సాయంత్రం లాటరీ తీస్తారుగా. థాంక్యూ మేడమ్, తెరిమా కసీ! వెళ్ళిపోయింది.”

“ఏవండీ.”

“ఊఁ.”

“నా తప్పు మీ మీద వేసుకున్నారు. అంత పెద్దావిడ ముందు, ‘తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు’ అన్నారు. నేను జన్మలో మర్చిపోను.”

“అబ్బే. అలాంటిదేం లేదు చాందినీ.”

“ఉంది. ఆంటీ, చూశారుగా మీరు?”

“చూశానమ్మా. మా ఆయనైతే నన్ను ముందుకి తోసి లిఫ్ట్ ఎక్కేసేవాడు.”

“ఇవాళ మళ్ళీ పాయసం చేస్తాను. ఈసారి గ్లాసు నిండా తాగాలి.”

“పాయసం వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు. ఉప్మా చెయ్యి చాలు.”

“ఉండమ్మా, నాకు ఒక్కటి తేలలేదు. మొదటి కమలాపండు నేను పెట్టలేదు. నువ్వు పెట్టలేదు. టాన్ పెట్టలేదు. మరెవరు పెట్టినట్టు?”

“అదే ఆంటీ, పొద్దుట్నుంచి నేనూ అదే అడుగుతున్నా. ఏవండీ, అటు చూస్తారేంటి? ఇటు చూడండి.”

“నేనే.”

“మీరా! మీరు పెట్టారా? బి.టెక్ చదివి, మీ చేత్తో మీరే మీసాలు గీసిన హెల్మెట్‌కి పండు పెట్టి దండం పెట్టారా?”

“పెట్టాను.”

“టాన్ తాత నమ్మాడంటే సరే, ఆయన చివరింట్లో ఉంటాడు. ఆ మొక్క పక్కనే కూర్చుని, పువ్వు పూసిన దగ్గర్నుంచీ చూస్తున్న మనిషి మీరు. మీరెలా నమ్మారండీ?”

“నమ్మక ఏం చేయను చాందినీ? మార్కెట్లో కొనుక్కొచ్చి, టూత్‌పిక్ గుచ్చి నేను తగిలించిన పొడుగు వంకాయ, తెల్లారేసరికి గుండ్రంగా మారిపోతే!”